మా వీధి పచ్చగా ఉంది

ఆ వేసవిలో నా ఉద్యోగం ఏమిటంటే, కరెంటు లేని ఇంట్లో కూర్చుని, కరెంటు లేదని ఫోన్ చేసినవాళ్ళకి ఉందని చెప్పడం. నవ్వకండి. మొదట్లో నేనూ నవ్వుకున్నాను. తర్వాత తర్వాత నవ్వు రాలేదు.

కరెంటు ఆఫీసుకి ఫిర్యాదు చెయ్యడానికి ఒక నంబరు ఉంటుంది కదా, అది ఆ ఆఫీసులో మోగదు. మా పడగ్గదిలో బీరువాకీ కిటికీకీ మధ్య ఇరికించిన బల్ల మీద మోగుతుంది. నాలాంటివాళ్ళు ఊరంతా ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎత్తుతుంటారు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఫోన్ చేసినవాళ్ళ వీధి పేరు కొడితే తెరమీద మ్యాపు వస్తుంది. ఆ వీధి మీద చుక్క ఎర్రగా ఉంటే "తాత్కాలిక అంతరాయం అండీ, మా సిబ్బంది బయలుదేరారు" అని చెప్పి ఫిర్యాదు నంబరు ఇవ్వాలి. పచ్చగా ఉంటే "మీ ప్రాంతంలో సరఫరా సాధారణంగా ఉందండీ, మీ ఇంట్లో వైరింగు చూపించుకోండి" అనాలి. నంబరు ఇవ్వకూడదు. కరెంటు పోయింది అనే మాట మాత్రం చచ్చినా నోట్లోంచి రాకూడదు. శిక్షణలో మొదటిరోజు నేర్పిన పాఠం అదే.

మా ఆయనది వీధి చివర లేత్ వర్క్‌షాప్. మోటార్ల షాఫ్టులు, బుష్షులు తిప్పుతారు. కరెంటు పోతే ఆయన పని ఆగిపోతుంది, నా పని ఊపందుకుంటుంది. "నా మిషను ఆగితేగానీ నీ ఫోను మోగదు, బాగుందే మన సంసారం" అనేవారు. ఆ ఏడు ఆయనకి ఒక పంపుల కంపెనీ నుంచి షాఫ్టుల పని వచ్చింది. ఎండలు తగ్గేలోగా సరుకు అందిస్తే ఏడాది పొడుగునా పని మీకే అన్నారు వాళ్ళు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన ఎదురుచూస్తున్న పని అది. ఇనుప కడ్డీలు వచ్చి వర్క్‌షాపులో దిగిన రోజు, అత్తయ్య వాటిని తడిమి చూసి మరీ వచ్చింది.

ఎండలు ముదిరాయి, కరెంటు పోవడం మొదలైంది. పోయిన ప్రతిసారీ నా నెట్ కూడా పోయేది. మాట్లాడుతూ మాట్లాడుతూ నేను మాయమైపోయేదాన్ని. మా టీమ్ లీడరు ఫోన్ చేశాడు. నాకంటే చిన్నవాడే, మర్యాద మాత్రం నిలువెత్తుది.

"మేడమ్, మళ్ళీ డ్రాప్ అయ్యారు."

"కరెంటు పోయింది సార్."

"అంతరాయం, మేడమ్."

"సరే సార్, అంతరాయం వచ్చింది. ఎప్పుడు పోతుందో తెలీదు."

"అది మీరే చూసుకోవాలి మేడమ్. చేరేటప్పుడే సంతకం పెట్టారుగా, నెట్టూ మీదే, దానికి కరెంటు ఏర్పాటూ మీదే అని. ఇంకోసారి ఇలా అయితే నా చేతుల్లో ఉండదు."

చూశారా! కరెంటు ఇవ్వాల్సినవాళ్ళు ఇవ్వడం మానేసి, నీ దగ్గర ఎందుకు లేదమ్మా అని నన్నే అడుగుతున్నారు. ఒళ్ళు మండిపోయింది. కానీ వర్క్‌షాపు సగంరోజులు మూతే, ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది నా గొంతు మీదే. మంట మింగేసి, అలాగే సార్ అన్నాను.

మా ఆయన ఎక్కడినుంచో ఒక పాత కారు బ్యాటరీ మోసుకొచ్చి నా బల్ల కింద పెట్టారు.

"నీ ల్యాప్‌టాప్‌కి దాని బ్యాటరీ ఎలాగూ ఉంది. నెట్ డబ్బాకి కావలసింది పన్నెండు వోల్టులు. ఇందులో ఉన్నదీ అంతే. మధ్యలో ఇన్వర్టర్ ఎందుకు, దండగ. నేరుగా ఇచ్చేద్దాం" అంటూ కింద కూర్చుని తీగలు కలపసాగారు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి అట్టముక్కతో విసురుకుంటూ చూస్తోంది.

"అదే చేత్తో నా ఫ్యానుకి కూడా ఓ తీగ లాగరా."

"ఫ్యాను లాగితే బ్యాటరీ ఇట్టే అయిపోతుందమ్మా."

"అంటే ఆ డబ్బాకున్నపాటి విలువ నాకు లేదన్నమాట."

"డబ్బా జీతం తెస్తోందమ్మా."

"తెస్తుంది, తెస్తుంది. నిన్ను కన్నది కూడా అదేనేమో అడుగు" అని అట్టముక్క ఇంకాస్త గట్టిగా విసురుకుంటూ వెళ్ళిపోయింది.

మళ్ళీ కరెంటు పోయినప్పుడు మా డబ్బా మీద దీపాలన్నీ నిక్షేపంగా వెలుగుతున్నాయి. నెట్ మాత్రం లేదు. నెట్ కంపెనీకి ఫోన్ చేశాను.

"మీ డబ్బాలో దీపాలు వెలుగుతున్నాయా మేడమ్?"

"వెలుగుతున్నాయి."

"అయితే నెట్ ఉన్నట్టే మేడమ్."

"లేదయ్యా! లేదు కాబట్టే నీకు ఫోన్ చేశాను!"

"దీపాలు వెలుగుతుంటే ఉండాలి మేడమ్. మీ కంప్యూటర్ ఒకసారి చూపించుకోండి."

నేను రోజూ జనానికి పోస్తున్న కషాయం నాకే ఎవరో పట్టించినట్టయింది.

మా ఆయన తీగ పట్టుకుని మెట్లు దిగి, గోడలు వెతుక్కుంటూ వెళ్ళి గుట్టు కనిపెట్టారు. వీధి మధ్యలో, మా కిటికీకి మాట వినబడేంత దగ్గర్లో ఉన్న జిరాక్స్ పిన్ని కొట్టు పక్కగోడకి ఒక ఇనప డబ్బా బిగించి ఉంది. వీధిలో అందరి నెట్టూ అందులోంచే వస్తుంది. దానికి కరెంటు ఉంది కానీ వెనక బ్యాటరీ లేదు. కరెంటు పోతే అది చస్తుంది, అది చస్తే మా ఇంట్లో దీపాలు ఎంత వెలిగినా ఊరికే. దానికో బ్యాటరీ పెట్టండయ్యా అని కంపెనీని అడిగితే, అలాంటి పథకం మాకు లేదన్నారు. ఈయన ఇంకో పాత బ్యాటరీ సంపాదించి, పిన్ని కౌంటర్ కింద పెట్టి, రెండు క్లిప్పులు తగిలించి ఆ డబ్బాకి ప్రాణం పోశారు.

పిన్నిది జిరాక్స్ కొట్టు కాబట్టి వీధంతా ఆవిణ్ణి జిరాక్స్ పిన్ని అంటుంది. ఆ మిషను ఎన్నడూ ముట్టుకోని వాళ్ళాయన కూడా జిరాక్స్ బాబాయి అయిపోయాడు పాపం. "పెట్టుకో నాయనా, చోటుకేముంది" అంది పిన్ని పెద్దమనసుతో.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంటి వైభవం చూడాలి. కరెంటు పోయినా మా వీధిలో నెట్ పోదు. చెమటలు కక్కుతూనే జనం ఫోన్లలో సినిమాలు చూశారు, దూరాన ఉన్న కూతుళ్ళతో మొహాలు చూసుకుని మాట్లాడారు. మా ఆయన్ని ఇంజినీరుగారూ అని పిలవడం మొదలెట్టారు. బ్యాటరీలు అయిపోతే ఆయనే రెండు చేతులా మోసుకుని పక్క కాలనీలో తెలిసినవాళ్ళ వర్క్‌షాపుకి వెళ్ళి చార్జింగ్ పెట్టించుకొచ్చేవారు. లీడరు నన్ను మీటింగులో పొగిడాడు. "మేడమ్ ఒక్కసారి కూడా డ్రాప్ అవ్వట్లేదు, అందరూ మేడమ్‌ని చూసి నేర్చుకోండి" అన్నాడు. నేనూ పొంగిపోయాను, ఎందుకు దాచడం.

కానీ కరెంటు చూస్తే రానురాను ఎక్కువసేపు పోతోంది. మా వీధికి విడిగా ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఎండకి అది ఉండుండి టప్పుమనేది. ఇదివరకైతే లైన్‌మన్ ఎలాగోలా వచ్చి ఫ్యూజు కట్టి వెళ్ళేవాడు. ఇప్పుడు పొద్దున టప్పుమంటే చీకటిపడినా వచ్చే దిక్కులేదు. మా మేడమీద నిలబడి చూస్తే పక్కవీధి ఇళ్ళల్లో ఫ్యాన్లు తిరుగుతూ కనిపించేవి. మా ఆయన కరెంటు ఆఫీసుకి వెళ్ళారు.

"ఫిర్యాదు నంబరు ఉందా?" అన్నాడట అక్కడి మనిషి.

"లేదు. మీ లైను ఎప్పుడూ బిజీ. మనిషినే వచ్చి చెప్తున్నా కదా."

"నంబరు లేకుండా నిచ్చెన కదలదు సార్. మా దగ్గర మీ వీధి బాగానే చూపిస్తోంది."

ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్తే, ఆ మనిషెవడో తిక్కవాడు అనుకున్నాం.

ఆ సంగతి తేలింది జిరాక్స్ పిన్ని వల్ల. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, పొద్దుట్నుంచీ కరెంటు లేదు. ఒళ్ళంతా చెమట కారుతుంటే కాళ్ళు తడిగుడ్డ మీద పెట్టుకుని ఫోన్లు ఎత్తుతున్నాను. కొత్త కాల్ వచ్చింది.

"అమ్మా, పొద్దుననగా పోయింది కరెంటు. కొట్టు మూసుకు కూచున్నా. ఎవరూ రారేంటమ్మా?"

ఆ మాటలు నాకు రెండుసార్లు వినిపించాయి. ముందు కిటికీలోంచి, వెనకాలే చెవిలో. వీధి పేరు కొట్టాను. మా వీధి. చుక్క పచ్చగా ఉంది. తల ఎత్తి చూస్తే నెత్తిమీద ఫ్యాను కదలడం లేదు. మళ్ళీ తెర చూశాను. పచ్చగానే ఉంది. మా మాటలన్నీ రికార్డవుతాయి, ఒక్కముక్క తేడా వచ్చినా విని పట్టుకుంటారు.

"మీ ప్రాంతంలో సరఫరా సాధారణంగా ఉందండీ. మీ ఇంట్లో వైరింగు ఒకసారి చూపించుకోండి."

నా మాటలు పిన్నికీ రెండుసార్లు వినిపించినట్టున్నాయి.

"ఒసేయ్, నువ్వటే?" అంది పిన్ని.

"ఇంకేమైనా సహాయం కావాలా అండీ?"

"నీ సహాయానికో దణ్ణం. కిటికీలోంచి తల బయటపెట్టి చూడవే, నీకు కనిపిస్తాను, సాధారణంగా ఉన్నానో లేదో!"

పిన్ని ఫోన్ చేతిలో పట్టుకునే మా మెట్లెక్కి వచ్చేసింది. మొహం జేవురించి ఉంది. "నా కౌంటర్ కింద మీ బ్యాటరీ పెట్టుకుని, నా మొహం మీదే అబద్ధమాడతావటే?" అంది. అత్తయ్యే అడ్డుపడింది. "దాన్నంటావేం వదినా, అది అంటోందా, దాని చేత అనిపిస్తున్నారు గానీ." పిన్ని కూర్చోలేదు, మంచినీళ్ళు ఇస్తే ముట్టలేదు. ఆవిడ అలా వెళ్ళిపోవడం నాకు లీడరు తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది.

డ్యూటీ దిగగానే లీడరుకి ఫోన్ చేశాను.

"సార్, కరెంటు లేని వీధి పచ్చగా ఎలా ఉంటుంది?"

"ఉండదు మేడమ్. నెట్ కంపెనీతో మనకి ఒప్పందం ఉంది. వాళ్ళ గోడడబ్బాలకి బ్యాటరీ ఉండదు కదా. డబ్బా బతికుంటే అక్కడ కరెంటు ఉన్నట్టు, చస్తే పోయి... అంతరాయం వచ్చినట్టు. దాన్నిబట్టి చుక్క దానంతటదే మారుతుంది. మనిషి వెళ్ళి చూడక్కర్లేదు."

మంచం అంచున కూలబడ్డాను.

"మా వీధి డబ్బాకి మా ఆయన బ్యాటరీ పెట్టారు సార్. నేను డ్రాప్ అవ్వకుండా ఉండాలని."

అవతల దగ్గు వినిపించింది. "నేనిది విన్లేదు మేడమ్. అది కంపెనీ వస్తువు. తెలిస్తే కేసు పెడతారు."

"పోనీ ఆ చుక్కని ఎర్రగా మార్పించండి. పొద్దుట్నుంచీ కరెంటు లేదు, నేను సాక్ష్యం చెప్తాను."

"చుక్కని మార్చే అధికారం ఎవరికీ లేదు మేడమ్. పెద్దసారుకి కూడా లేదు. అదే దాని గొప్పతనం."

గొప్పతనమట! వీధిలో ఇంతమంది గొంతు చించుకుంటే వినిపించదు, గోడమీద డబ్బా ఊపిరి పీలిస్తే చాలు. మా ఆయనకి చెప్పాను. తన చేతులతో పోసిన ప్రాణమే తన వర్క్‌షాపు ఊపిరి తీస్తోందంటే ఏ మనిషైనా ఏమంటాడు?

"తీసేద్దామా?" అన్నారు చివరికి.

"తీస్తే నా ఉద్యోగం పోతుంది."

"అయితే నీ డ్యూటీ అయ్యాక తీద్దాం."

అదీ చేశాం. సాయంత్రం నేను లేవగానే క్లిప్పులు పీకేవారు. చుక్క ఎర్రబడేది. కానీ ఫిర్యాదు రాయించుకున్నా చీకటిపడ్డాక స్తంభం ఎక్కరు, పొద్దున చూస్తాం అనేవారు. పొద్దున నేను మళ్ళీ కూర్చోవాలి. క్లిప్పులు తగిలించగానే చుక్క పచ్చబడేది, మా ఫిర్యాదు దానంతటదే "పరిష్కరించబడింది" అయిపోయేది. నా సెలవురోజు చూద్దామంటే వాళ్ళకీ ఆ రోజే సెలవు. "పచ్చగా ఉండండర్రా అని పెద్దవాళ్ళు దీవిస్తే ఏమిటో అనుకున్నా, ఇదా!" అని అత్తయ్య మెటికలు విరిచింది.

పంపుల కంపెనీవాళ్ళు రెండుసార్లు కబురుచేశారు. మూడోసారి కబురు లేదు, బండే వచ్చింది. మధ్యాహ్నం వేళ, తిప్పకుండా మిగిలిపోయిన కడ్డీలన్నీ ఎక్కించుకుని వెళ్ళిపోయారు. నేను అప్పుడు ఎవరితోనో మాట్లాడుతున్నాను. కిటికీలోంచి బండి వెళ్ళడం కనిపించింది.

కాసేపటికి మా ఆయన ఇంట్లోకి వచ్చారు. చేతిలో తన కొలతల పనిముట్లు, నూనెగుడ్డలో చుట్టినవి. అవి వర్క్‌షాపు దాటి బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. నా కాల్‌కి అడ్డం రాకుండా గొంతు తగ్గించి అత్తయ్యతో చెప్తున్నారు.

"పక్క కాలనీలో కరెంటు ఉంది కదా, పని వాళ్ళకిచ్చారు. నన్నొచ్చి తిప్పమన్నారు వాళ్ళు. కొలతలన్నీ నాకు తెలుసు కదా అని."

"నీ పని నువ్వు వాళ్ళ మిషను మీద కూలికి తిప్పుతావా?" అంది అత్తయ్య.

"పనేగా అమ్మా."

ఆ "పనేగా" అన్న మాట ఆయన మామూలుగానే అన్నారు. అవతల ఎవరో ముసలాయన, తమ వీధిలో దీపాలు లేవని నింపాదిగా చెప్పుకొస్తున్నాడు.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి బాబాయిగారూ" అన్నాను.

హెడ్‌ఫోన్లు బల్లమీద పెట్టి, చెప్పులేసుకుని మెట్లు దిగాను. పిన్ని కొట్టు తలుపు ఓరగా ఉంది. లోపలికి వెళ్ళి కౌంటర్ కింద వంగి రెండు క్లిప్పులూ పీకేశాను. గోడమీద డబ్బాలో దీపాలు ఆరిపోయాయి. పిన్ని స్టూలు మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"ఇప్పుడు ఫోన్ చెయ్యి పిన్నీ" అన్నాను.

ఈసారి పిన్నికి ఫిర్యాదు నంబరు ఇచ్చారు. లైన్‌మెన్ నిచ్చెనేసుకుని ఎంతోసేపు కాకుండానే వచ్చారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాలిపోయిన ముక్క ఒకటి మార్చి, "ఇది ఎప్పుడో మార్చాల్సింది, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?" అని మమ్మల్నే తిట్టి వెళ్ళారు. వీధిలో ఫ్యాన్లు తిరిగాయి. మా ఆయన మాత్రం అప్పటికే పక్క కాలనీకి వెళ్ళిపోయారు. వెళ్ళిన పని మళ్ళీ మా ఇంటికి రాలేదు, ఆ ఏడూ రాలేదు, తర్వాతా రాలేదు.

నా ఫోన్‌కి మర్నాడు సందేశం వచ్చింది. అత్తయ్య ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"ఏం రాశారే?"

చదివాను. "ఇంటివద్ద నిరంతరాయ విద్యుత్ సదుపాయం కల్పించుకోవడంలో విఫలమైనందున మిమ్మల్ని విధులనుంచి తొలగించడమైనది."

"తెలుగులో చెప్పు."

"మనింట్లో కరెంటు ఆగిపోకుండా చూసుకోలేదట, అందుకని తీసేశారు."

"ఎవరు చూసుకోలేదూ?"

"నేను."

"తీసేసిందెవరు?"

"కరెంటువాళ్ళు."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆ నంబరు కలిపి ఇటు తే" అంది. ఇన్నాళ్ళలో ఆ నంబరుకి ఒక్కసారి ఫోన్ చెయ్యని మనిషి. వద్దు అత్తయ్యా అన్నా వినలేదు. కలిపి స్పీకర్ పెట్టి ఇచ్చాను. ఎవరో అమ్మాయి ఎత్తింది, చిన్న గొంతు, నాలాగే నేర్చుకున్న మర్యాద.

"ఇదిగో అమ్మాయ్, మా వీధిలో కరెంటు ఉంది" అంది అత్తయ్య.

"ఉందా అండీ? మరి ఫిర్యాదు ఏమిటండీ?"

"ఉండడమే ఫిర్యాదు. ఇన్నాళ్ళూ లేనప్పుడు ఉందన్నారు. గోడమీద నెట్ డబ్బాకి మావాడు బ్యాటరీ పెడితే, అది చూసుకుని మీరు ఇంతమందిని అబద్ధాలకోరుల్ని చేశారు. మావాడి పని పరాయివాడి పాలైంది. మా కోడలు వెళ్ళి ఆ బ్యాటరీ పీకేస్తే కరెంటొచ్చింది. దానికి మీరు దాని ఉద్యోగం పీకేశారు. కరెంటివ్వని మీరు, ఇంట్లో కరెంటు లేదని దాన్ని తీసేస్తారా? సిగ్గూ ఎగ్గూ ఉండక్కర్లేదూ? అంతా రాసుకో. ఒక్క ముక్క వదలకు."

ఆ అమ్మాయి పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. గొంతు బాగా తగ్గించి, "అమ్మగారూ, మీ కోడలుగారు ఉన్నారా?" అంది.

అత్తయ్య ఫోన్ నా చేతికిచ్చింది.

"అక్కా, మా అన్నయ్య కూడా మా వీధి డబ్బాకి బ్యాటరీ పెట్టాడు. మా వీధి కూడా పచ్చగానే ఉంది. పొద్దుట్నుంచీ కరెంటు లేదు. అమ్మకి ఒంట్లో బాలేదు, పక్కగదిలో ఉడికిపోతోంది."

"ఇదంతా రికార్డవుతుందమ్మా. తెలుసు కదా నీకు. ఇంకేం మాట్లాడకు, పెట్టెయ్" అన్నాను.

"తెలుసక్కా. ఏ క్లిప్పు ముందు తియ్యాలో చెప్పు."

నల్లది ముందు తియ్యమన్నాను, ఎర్రది తర్వాత.